అమ్మ చేతుల తిమ్మిర్లు, కాళ్ల చిమచిమలు: రెండూ ఒకే జబ్బు కాకపోవచ్చు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు దగ్గర పల్లెలో ఉండే మీ అమ్మగారికి 54 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. పెళ్లయినప్పటి నుంచీ బీడీలు చుడుతున్నారు. నాలుగు నెలలుగా అర్ధరాత్రి చేతులు తిమ్మిరెక్కి లేచి కూర్చుంటున్నారు. కాలివేళ్లలో, అరికాళ్లలో సూదులతో గుచ్చినట్టు, చీమలు పాకినట్టు ఉంటోంది. మెడికల్ షాపులో "నరాల వీక్‌నెస్" అని చెప్పి పది ఇంజెక్షన్లు ఇచ్చారు, ఆరు అయిపోయినా గుణం లేదు. మీరేమో దుబాయ్‌లో ఉన్నారు. ఫోన్‌లో వెతికితే పక్షవాతం దగ్గర్నుంచి మెదడులో గడ్డ దాకా అన్నీ కనిపించి టెన్షన్ పడుతున్నారు.

నేను ఇదే జిల్లాలో 26 ఏళ్లుగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. మనిషిని చూడకుండా ఇదీ జబ్బు అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే దారి చూపే సంగతులు చాలా ఉన్నాయి. ముందుగా ఒకటి చెబుతాను: నాలుగు నెలలుగా మెల్లగా, రెండు వైపులా, రాత్రిపూట ఎక్కువగా వస్తున్న తిమ్మిర్లు పక్షవాతం తరహా కాదు. ఇవాళ రాత్రికి విమానం ఎక్కాల్సిన పని లేదు. అలాగని ఇంకో నాలుగు నెలలు ఆగే వ్యవహారమూ కాదు.

"నరాల వీక్‌నెస్" అనే మాటతోనే నాకు పేచీ. అది జబ్బు పేరు కాదు. జ్వరం వచ్చినవాడికి "ఒంట్లో వేడి" అని చెప్పి పంపేసినట్టు ఉంటుంది. తిమ్మిరి అంటే స్పర్శ నరం తనంతట తాను, ఏమీ తగలకుండానే, మెదడుకు కబురు పంపడం. బాసింపట్టు వేసుకుని గంటసేపు కూర్చుని లేస్తే కాలు మొద్దుబారి, తర్వాత జివ్వుమని చిమచిమలాడుతుంది కదా. రక్తం ఆగిపోయిందని అందరూ అనుకుంటాం. కాలికి రక్తం ఆగదు. నొక్కుకున్నది నరం, దానికి అందే సన్నటి రక్తనాళాలు. ఒత్తిడి తీసెయ్యగానే నరం తేరుకుంటూ అడ్డదిడ్డంగా సంకేతాలు పంపుతుంది, అదే చిమచిమ. రెండు నిమిషాల్లో పోతే అది అసలు జబ్బే కాదు. పోకుండా రోజూ వస్తుంటే మాత్రం ఆ నరాన్ని ఎక్కడో ఏదో ఇబ్బంది పెడుతోందని అర్థం. ఎక్కడ, ఏది అన్నది కనిపెట్టకుండా ఇంజెక్షన్ వేస్తే లాభం లేదు.

అందుకే నా దగ్గరికి తిమ్మిర్లని వచ్చిన వాళ్లకు మొదట స్కానింగ్ రాయను. బాల్ పెన్ను చేతికిస్తాను. "ఎక్కడెక్కడ తిమ్మిరో చర్మం మీద గీత గీసి చూపించండి" అంటాను. కిందటి వర్షాకాలంలో ఒకావిడ వచ్చింది, ఆవిడా బీడీ కార్మికురాలే. మొదట "చెయ్యంతా సార్" అంది. పెన్ను ఇచ్చాక బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు చుట్టూ గీసింది, ఉంగరపు వేలు దగ్గర ఆగి ఆలోచించి సగం గీసింది, చిటికెనవేలును వదిలేసింది. "అది బాగానే ఉంది" అంది. మూడున్నర వేళ్లు. ఆ గీతతోనే జబ్బు సగం తేలిపోయింది. మణికట్టు దగ్గర నొక్కుకుపోయే మీడియన్ నరం పరిధి సరిగ్గా అంతే.

దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు లోపల, అరచేతి వైపు, చిన్న సొరంగం లాంటి దారి ఉంటుంది. వేళ్లను మడిచే తొమ్మిది స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితో పాటు ఈ ఒక్క నరం అందులోంచే పోవాలి. వేళ్లతో అదే పని రోజంతా చేసేవాళ్లకు ఆ స్నాయువుల చుట్టూ వాపు వచ్చి నరానికి చోటు చాలదు. మీ అమ్మగారి పని ఒకసారి గుర్తు చేసుకోండి. ఒళ్లో చాట, తునికాకు కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలితో చుట్టడం, కొసలు మడవడం, దారం కట్టడం. రోజుకు వందల సార్లు, ఏళ్ల తరబడి. దానికి తోడు షుగర్ ఉన్నవాళ్లలో ఈ జబ్బు మామూలుగానే ఎక్కువ. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లలో, కీళ్లవాతం ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో కూడా ఎక్కువే.

రాత్రే ఎందుకు వస్తుందంటే, నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుని పడుకుంటాం. ముడిస్తే ఆ సొరంగం ఇంకా ఇరుకవుతుంది. అందుకే వీళ్లు లేచి చెయ్యి విదిలిస్తారు, లేదా మంచం పక్కకు వేలాడదీస్తారు, కాసేపటికి సర్దుకుంటుంది. "చెయ్యి విదిలిస్తే తగ్గుతుందా?" అన్న ఒక్క ప్రశ్నకు అవునని జవాబు వస్తే నేను దాదాపు తేల్చుకుంటాను. మీరూ అడగండి.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, షుగర్ ఉన్నావిడ చేతుల తిమ్మిర్లని వస్తే "షుగర్ వల్లే" అని మందులు రాసి పంపాను. ఏడాదిన్నర తర్వాత మళ్లీ వచ్చేసరికి బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ పల్చబడి పల్లమైపోయింది. చొక్కా గుండీ పెట్టలేకపోతోంది. ఆపరేషన్ చేయిస్తే తిమ్మిరి పోయింది కానీ ఆ కండ పూర్తిగా తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి షుగర్ పేషెంటు చేతుల తిమ్మిరిని షుగర్ ఖాతాలో వెయ్యడం మానేశాను.

ఎందుకంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతినే తీరు వేరు. అది శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాల చివర్లలో మొదలవుతుంది, అంటే కాలివేళ్లలో. మేజోడు తొడిగినట్టు రెండు కాళ్లలోనూ సమానంగా మెల్లగా పైకి పాకుతుంది. సాధారణంగా మోకాళ్ల దాకా వచ్చాకే చేతివేళ్లను పట్టుకుంటుంది. మీ అమ్మగారికి కాళ్లలో ఇంకా అరికాళ్లు దాటలేదని రాశారు. అప్పుడే చేతుల్లో ఇంత ఎందుకుంది? అంటే చేతులది ఒక కథ, కాళ్లది ఇంకో కథ అయ్యే అవకాశమే ఎక్కువ. రెంటికీ ఒకటే మందు వెతకడంతోనే ఆ ఆరు ఇంజెక్షన్లూ వృథా అయి ఉండాలి.

కాళ్ల సంగతికి వద్దాం. అరికాళ్లలో సూదులు, మంటలు, దూది మీద నడుస్తున్నట్టు అనిపించడం, రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం, ఇవన్నీ షుగర్ నరాల లక్షణాలే. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకుండా పది అడుగులు నడిచి వెనక్కి చూసుకునేవాళ్లున్నారు. తిమ్మిరి కనీసం నరం బతికే ఉందని చెబుతోంది. భయపడాల్సింది తిమ్మిరి పోయి, స్పర్శ కూడా పోయినప్పుడు. "ఇప్పుడు మంటలు లేవు సార్, హాయిగా ఉంది" అని వచ్చినవాళ్ల పాదం కింద పుండు చూసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఎండాకాలం గుడిలో చెప్పులు విడిచి బండల మీద ప్రదక్షిణ చేసి, బొబ్బలెక్కిన సంగతి సాయంత్రం ఇంటికొచ్చి చూసుకునేదాకా తెలియనివాళ్లున్నారు. తిమ్మిరని వేడినీళ్ల కాపడం పెట్టుకుని కాళ్లు కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. మీ అమ్మగారికి దయచేసి ఇది చెప్పండి: కాళ్లకు కాపడం వద్దు, ఇంట్లో కూడా చెప్పులు, రోజూ పడుకునేముందు అరికాళ్లు చూసుకోవాలి. కనపడకపోతే అద్దం కింద పెట్టుకుని చూసుకోవచ్చు.

అయితే కాళ్ల విషయంలో కూడా వెంటనే షుగర్ మీదికి నెట్టకండి. తొమ్మిదేళ్లు మెట్‌ఫార్మిన్ అన్నారు. ఆ మందు మంచిదే, నేనూ రాస్తాను. కానీ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్ మాత్ర అని రోజూ పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కూడా అదే పని చేస్తాయి. మన దగ్గర ఈ రెండూ కలిపి ఏళ్ల పాటు మింగేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. బి12 కూరగాయల్లో, పప్పుల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. వారాలు, ఉపవాసాలని నీసు మానేసి, పాలు అరగవని అవీ మానేసినవాళ్లకు లోపం వస్తుంది. కాలేయంలో ఉన్న నిల్వ కొన్నేళ్లు లాక్కొస్తుంది కాబట్టి, తిండి మారిన ఎప్పటికో ఇది బయటపడుతుంది. నాలుక నున్నగా అయి కారం తగిలితే భగ్గుమనడం, వేళ్ల కణుపుల మీద నల్లబడటం, కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే తూలడం, ఇవి కనిపిస్తే నాకు అనుమానం బలపడుతుంది. ఇది వెన్నుపామును కూడా దెబ్బతీయగలదు. తొందరగా పట్టుకుంటే తగ్గుతుంది, ఆలస్యమైతే కొంత లోటు ఉండిపోతుంది.

ఆ ఆరు ఇంజెక్షన్లతో ఇంకో నష్టం జరిగి ఉండవచ్చు. వాటిలో బి12 ఉంటే, ఇప్పుడు రక్తపరీక్ష చేయిస్తే అంకె ఎక్కువగా కనిపిస్తుంది. అసలు లోపం ఉండేదా లేదా అన్నది తెలియకుండా పోతుంది. అందుకే నేను ఎప్పుడూ రక్తం తీశాకే ఇంజెక్షన్ మొదలుపెట్టమంటాను. మిగిలిన నాలుగూ వేయించొద్దని చెప్పండి, ఖాళీ సీసాలు గానీ, చీటీ గానీ ఉంటే డాక్టరుకు చూపించమనండి.

బి-కాంప్లెక్సే కదా, మంచిదేగా అని మీరు అనవచ్చు. వీటిలో బి6, అంటే పిరిడాక్సిన్, ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది సుమారు 2 మిల్లీగ్రాములు. కొన్ని ఇంజెక్షన్లలో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. నాలుగు రోజులు వాడితే ఏమీ కాదు. నెలల తరబడి పెద్ద మోతాదులో తీసుకుంటే అదే నరాలను దెబ్బతీస్తుంది, తిమ్మిర్లు తెస్తుంది. తిమ్మిరికి మందని మింగుతూ, ఆ మందు వల్లే తిమ్మిరి పెరిగి, మోతాదు ఇంకా పెంచుకున్నవాళ్లను చూశాను. మళ్లీ ఇదే బి6ను టీబీ మందు ఐసోనియాజిడ్ వాడేవాళ్లకు చిన్న మోతాదులో మేమే ఇస్తాం, ఆ మందు వల్ల వచ్చే తిమ్మిర్లను ఆపడానికి. మోతాదులోనే ఉంది అంతా.

ప్రీగాబలిన్, గాబాపెంటిన్ కూడా షాపుల్లో తేలిగ్గా దొరుకుతున్నాయి. అవి మంటను, పోటును అణుస్తాయి, నరాన్ని బాగుచెయ్యవు. మత్తు, తూలు, కాళ్ల వాపు వస్తాయి. రాత్రి బాత్రూముకు లేచి పడితే తుంటి ఎముక విరిగే వయసు వాళ్లకు చూసి ఇవ్వాల్సిన మందులు. అవసరమైతే డాక్టరే రాస్తారు.

మన జిల్లాలో ఇంకో జబ్బు గురించి చెప్పకపోతే నా సమాధానం సగమే అవుతుంది. కుష్ఠు. పేరు వినగానే కంగారు పడకండి, మీ అమ్మగారికి ఉందని అనడం లేదు. కానీ డిచ్‌పల్లిలో వందేళ్ల కిందటే కుష్ఠు ఆసుపత్రి వెలసిన ప్రాంతం మనది, ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దేశంలోవే. జబ్బు పోయిందనుకుని డాక్టర్లే దాన్ని వెతకడం మానేశారు. చర్మం మీద పాలిపోయిన లేదా రాగి రంగు మచ్చ, దాని మీద గిల్లినా, వేడి తగిలినా తెలియకపోవడం, మోచేతి వెనక నరం తాడులా లావుగా చేతికి తగలడం దీని గుర్తులు. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, పూర్తిగా నయమవుతుంది. సిగ్గుపడి దాచుకుంటేనే వేళ్లు వంకర్లు పోతాయి. తిమ్మిర్లని వచ్చిన ప్రతివాళ్ల వీపు, చేతులు వెలుతురులో ఒకసారి చూడటం నాకు అలవాటు. మీ అమ్మగారిని చూసే డాక్టరు కూడా చూడాలి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కొన్ని మాటలు. చిటికెనవేలు, ఉంగరపు వేలిలో సగం మాత్రమే తిమ్మిరైతే నొక్కుకుపోయింది మోచేతి దగ్గర అల్నార్ నరం. గంటలు గంటలు చెయ్యి మడిచి ఫోన్ పట్టుకునేవాళ్లకు, మోచేతులు బల్లకు ఆనించి కూర్చునేవాళ్లకు ఎక్కువ. తొడ బయటివైపు అరచేయంత మేర చిమచిమ, మంట ఉంటే బెల్టు, బిగుతు జీన్సు, చీరల కింద బిగించి కట్టే లంగా బొందు చూడండి. బొందు వదులు చేసి, నాలుగు కిలోలు తగ్గితే చాలామందికి అదే పోతుంది. ఆందోళనతో గబగబా ఊపిరి పీల్చేవాళ్లకు మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరెక్కి, చేతులు కొంకర్లు పోతాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి నరాలు ఉలిక్కిపడే స్థితికి రావడం వల్ల అలా అవుతుంది. నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పితే పది నిమిషాల్లో సర్దుకుంటుంది. అయితే థైరాయిడ్ ఆపరేషన్ అయిన కొద్ది రోజులకు ఇదే లక్షణం వస్తే అది కాల్షియం పడిపోవడం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లంతా ఎండలో చిటపటలాడి, చిన్న పొక్కులు కనిపిస్తే అవి చెమటకాయలు, నరాల జోలికి పోనవసరం లేదు. ఒకవైపే, నడుం చుట్టో ఛాతీ చుట్టో పట్టీలా మంట, జివ్వుమనడం మొదలై రెండుమూడు రోజుల్లో నీటి పొక్కులు లేస్తే అది సర్పి. ఎర్రమట్టి పూయించుకుంటూ రోజులు పోగొట్టుకోకండి, పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

రైతుల గురించి విడిగా చెప్పాలి. పత్తి మీద, మిర్చి మీద సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ రకం మందులు కొట్టి వచ్చినవాళ్లకు కొన్ని గంటల తర్వాత ముఖం, మెడ, చేతులు చిమచిమలాడి మంటలెత్తుతాయి. ఎండ తగిలినా, చెమట పట్టినా, వేడినీళ్లు పోసుకున్నా ఎక్కువవుతుంది. ఆ మందు చర్మంలోని స్పర్శ నరాల మీద నేరుగా పనిచేయడం వల్ల వచ్చేది ఇది, సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది. సబ్బు, చల్లటి నీళ్లతో కడుక్కుని, తర్వాత నూనె రాసుకుంటే ఊరటగా ఉంటుంది. కానీ వాంతులు, చొంగ, కళ్లు మసకబారడం, ఆయాసం తోడైతే అది వేరే రకం విషం, క్షణం ఆగకూడదు.

ఇంతసేపూ నెమ్మదిగా వచ్చే వాటి గురించి చెప్పాను. పరుగెత్తాల్సినవి కొన్ని ఉన్నాయి. నిమిషాల్లో, ఒకవైపు ముఖం, చెయ్యి, కాలు మొద్దుబారి మాట తడబడితే పక్షవాతం అనుకుని 108కి ఫోన్ చేయండి. మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. విరేచనాలో జ్వరమో తగ్గిన వారం, రెండు వారాలకు రెండు పాదాల్లో తిమ్మిరి మొదలై, రోజుల్లో బలహీనత పైకి పాకి, మెట్లెక్కలేకపోతే అది గిలాన్-బారీ సిండ్రోమ్ కావచ్చు, అంటే ఒంటి రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేసే జబ్బు. 2025 జనవరిలో పుణేలో చాలామందికి వచ్చి వార్తల్లోకెక్కింది ఇదే. ఊపిరి కండరాలకు పాకే ప్రమాదం ఉంది కాబట్టి ఐసీయూ ఉన్న చోటికే తీసుకెళ్లాలి. నడుంనొప్పితో పాటు కూర్చునే భాగంలో, మర్మాంగాల దగ్గర స్పర్శ పోయి, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోయినా ఆ రోజే సర్జన్‌కు చూపించాలి.

మీ అమ్మగారికి ఇవేవీ లేవు. కాబట్టి ఈ వారంలో చేయించాల్సింది ఇదీ. ఎండీ జనరల్ మెడిసిన్ చదివిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమనండి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, బి12, థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మామూలు రక్తపరీక్ష చాలు. వెన్ను ఎంఆర్ఐతో మొదలుపెట్టొద్దు. యాభై దాటిన చాలామందికి, ఏ బాధా లేకపోయినా, మెడలో ఏదో ఒక డిస్కు ఉబ్బి కనిపిస్తుంది, దాని వెంట పడితే అసలుది తప్పిపోతుంది. డాక్టరు ఆమె పాదానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ అనే సన్నటి దారం తాకించి, కాలి బొటనవేలి మీద శ్రుతిదండం (కొడితే అదిరే ట్యూనింగ్ ఫోర్క్) పెట్టి అదురు తెలుస్తోందా అని చూడాలి. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు. అవసరమనిపిస్తే చేతులకు నరాల కండక్షన్ పరీక్ష, అంటే నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో చూసేది, రాస్తారు.

చేతులకైతే పరీక్షల కోసం ఆగనవసరం లేదు. మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. రెండు చేతులకూ రాత్రిపూట పెట్టుకుని ఆరు వారాలు పడుకోమనండి. పగలు అరగంటకోసారి చాట పక్కన పెట్టి చేతులు చాచమనండి. కార్ఖానాలో ఇచ్చే లెక్క తగ్గితే కూలీ తగ్గుతుందని నాకు తెలుసు, ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. నెలకు కొంత మీరు ఎక్కువ పంపగలిగితే ఆ మాట మీ నోటి నుంచే రావాలి, డాక్టరు చెబితే వినరు. స్ప్లింట్‌తో తగ్గకపోతే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్, అదీ చాలకపోతే చిన్న ఆపరేషన్. బొటనవేలి కింది కండ పల్చబడినట్టు కనిపిస్తే మాత్రం స్ప్లింట్‌తో కాలయాపన చేయకుండా నేరుగా సర్జన్‌కు చూపించండి.

ఈ రాత్రి వీడియో కాల్ చేసినప్పుడు అమ్మను రెండు అరచేతులూ కెమెరా ముందు పక్కపక్కన పెట్టమనండి. బొటనవేలి కింది కండ రెండు వైపులా సమానంగా ఉబ్బి ఉందా చూడండి. తర్వాత పెన్ను తెచ్చుకుని తిమ్మిరి ఉన్నచోట గీత గీయమనండి. చిటికెనవేలును కలుపుకుందా, వదిలేసిందా అన్నది ఇక్కడ రాయండి.